జ్వరాల మేస్త్రి, ఆవిరి మలుపు

లెక్కల పీరియడ్ నడుస్తుండగా బడి ముందు ఒక లారీ ఆవిరి కక్కుతూ ఆగిపోయింది. "ఇప్పుడే చూసొస్తానండీ" అని ఒక కుర్రాడు చెయ్యెత్తి, జవాబు వినకుండానే లేచి వెళ్ళాడు. ఇప్పటికీ చూస్తూనే ఉన్నాడు. జ్వరాల మేస్త్రి చదువు గురించి ఎవరడిగినా చెప్పాల్సింది ఇంతే. ఆ లెక్కల మాస్టారు రిటైరయ్యేదాకా హాజరు పిలుస్తూ అతని పేరు దగ్గరికొచ్చేసరికి కిటికీలోంచి బయటికి చూసేవాడని కూడా అంటారు. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు.

జ్వరాల మేస్త్రి అన్న బిరుదు ఊరికే రాలేదు. ఏ బండి వచ్చినా అతను ముందు పానా పట్టుకోడు. తల్లి బిడ్డ నుదురు చూసినట్టు బానెట్ మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, పెదవులు బిగించి నిలబడతాడు. ఆ కాసేపు షెడ్డులో ఎవరూ దగ్గకూడదు, తుమ్మకూడదు. తరవాత కళ్ళు తెరిచి తీర్పు చెప్తాడు. "బెల్టు జారుతోంది." "ఫ్యాన్ పని చెయ్యట్లేదు." "నీళ్ళు ఎక్కడో కారుతున్నాయి, కింద చూడు." ఒకసారి ఒక వ్యాను మీద చెయ్యి పెట్టి, "బండికేం లేదు, డ్రైవరుకే ఒళ్ళు కాలిపోతోంది, తీసికెళ్ళి పడుకోబెట్టండి" అన్నాడట. ఇంటికెళ్ళి చూస్తే నిజమేనట! ఈ కథ చెప్పినప్పుడల్లా ఆ డ్రైవరు జ్వరం ఒక డిగ్రీ పెరుగుతూ పోతుంది. ఈమధ్య విన్నప్పుడు ఆ మనిషి బతికి బట్టకట్టడమే గొప్ప అనిపించింది.

అతని షెడ్డు గుమ్మానికి ఒక వింత తోరణం వేలాడుతుంది. రాగి రంగు బిళ్ళలు, ఇత్తడి బిళ్ళలు, ఒక్కొక్కటీ కోడిగుడ్డంత, తీగకు గుచ్చి ఉంటాయి. గాలి వీస్తే గలగలలాడతాయి. ఇంజన్ నుంచి రేడియేటరుకు నీళ్ళు వెళ్ళే గొట్టం మొదట్లో, మనిషి గొంతులో కొండనాలుకలాగా, ఇలాంటి బిళ్ళ ఒకటి కూర్చుని ఉంటుంది. థర్మోస్టాట్ అంటారు దాన్ని. ఏ బండి వేడెక్కుతోందని వచ్చినా మేస్త్రి చేసే మొదటి వైద్యం దాన్ని పీకి పారెయ్యడం. "నీళ్ళు పారే దారిలో ఈ బిళ్ళ ఎందుకయ్యా? గొంతులో రాయి పెట్టుకుని పాట పాడమన్నట్టుంది!" అని తీగకు గుచ్చేస్తాడు. వేటగాడు పులిగోళ్ళు చూపించుకున్నట్టు, వచ్చిన వాళ్ళందరికీ ఆ తోరణం చూపిస్తాడు.

పెళ్ళి కూడా అతనికి వేడి ఇంజన్ పుణ్యమే. అప్పట్లో సరుకుల వ్యాను నడిపే ఒకమ్మాయి పొగలు కక్కుతున్న బండితో షెడ్డుకొచ్చింది. మేస్త్రి యథాప్రకారం కళ్ళు మూసుకుని అరచెయ్యి పెట్టబోయాడు. "చెయ్యి తియ్యవయ్యా బాబూ, అంటుకుంటే మళ్ళీ ఊడి రాదు!" అని మణికట్టు పట్టి లాగేసింది. ఆ పట్టిన చెయ్యి ఇప్పటిదాకా వదల్లేదు. ఇప్పుడావిడ కొండ మీది ఊరికి వెళ్ళే బస్సు నడుపుతుంది. అందరికీ డ్రైవరమ్మ. ఆ బస్సు ఎంత పాతదంటే, కొండ పుట్టినప్పుడే దాన్ని ఎక్కడానికి ఇదీ పుట్టిందని మేస్త్రి అంటాడు.

ఆ కొండదారి సగంలో ఒక నిట్టనిలువు మలుపుంది. కింద నుంచి రొప్పుకుంటూ వచ్చిన బండి ఏదైనా సరే అక్కడ ఉడికిపోయి ఆగాల్సిందే. అందుకే దానికి ఆవిరి మలుపు అని పేరు. ఆ మలుపులోనే డ్రైవరమ్మ తల్లి, అంటే మన మేస్త్రి అత్తగారు, టీకొట్టు నడుపుతుంది. బస్సు ఆగుతుంది, జనం దిగుతారు, అత్తగారి బాయిలరులో టీ, బస్సు పొట్టలో నీళ్ళు, రెండూ ఒకేసారి సలసలమంటాయి. డ్రైవరమ్మ బకెట్లతో నీళ్ళు పోసి చల్లార్చేలోపు జనం తాగి, కబుర్లాడుకుని, పోట్లాడుకుని, మళ్ళీ ఎక్కుతారు. రెండు సంబంధాలు ఆ బెంచీల మీదే కుదిరాయి. ఒకటి అక్కడే చెడింది కూడా.

అత్తగారు పొద్దున్నే మొదటి ట్రిప్పులో వెళ్ళి, ఆఖరి ట్రిప్పులో కూతురితో ఇంటికొస్తుంది. అల్లుడింట్లోనే మకాం. కానీ అల్లుడి గురించి ఆవిడ నోట మంచిమాట వినబడితే ఆ రోజు ఇంజన్‌లో మంచు కురిసినట్టే. "మా అల్లుడు ఊరందరి జ్వరాలూ తగ్గిస్తాడమ్మా, పెళ్ళాం బస్సుకి మాత్రం రోజూ సన్నిపాతమే" అని టీ పోస్తూ అంటుంది. అనకపోతే ఆ టీకి రంగు రాదు.

ఇలా సుఖంగా ఉడుకుతూ ఉండగా, ఒకనాడు మధ్యాహ్నం బస్సు ఓనరు షెడ్డుకొచ్చాడు.

"మేస్త్రీ, ఇక నా వల్ల కాదు. జనం జీపులెక్కి పోతున్నారు. గంట దారికి రెండు గంటలు ఎవడు కూర్చుంటాడు?"

"రెండు గంటలు కాదు సార్, టీ తీసేస్తే..."

"టీ సంగతి నాకెందుకయ్యా! ఎల్లుండి పొద్దున నేనే ఎక్కి కూర్చుంటా. ఆ మలుపు దగ్గర బస్సు ఆగిందా, అదే దాని ఆఖరి ట్రిప్పు. అటునుంచటే పాత ఇనుముకి తోలేస్తా. రూటూ లేదు, బస్సూ లేదు."

ట్రిప్పుల మధ్య షెడ్డులోనే ఉన్న డ్రైవరమ్మ ఇదంతా వింది. ఓనరు వెళ్ళాక బస్సు ముందు బంపరు మీద కూర్చుని చీర కొంగుతో లైటు అద్దం తుడుస్తూ ఉంది. తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడుస్తోంది.

"ఇంకో బండి దొరకదా ఏంటే నీకు?" అన్నాడు మేస్త్రి.

"దొరకదు. ఈ స్టీరింగు కోసం ఎంతమంది కాళ్ళావేళ్ళా పడ్డానో నీకు తెలీదా? ఆడదానికి కొండదారి ఇస్తామా అన్నవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు. ఇది పోతే రేపట్నుంచి నేను వంటింట్లో గిన్నెలకి గేరు మార్చుకోవాలి."

మేస్త్రికి గుండెల్లో కలుక్కుమంది. కానీ అతని గుండెకీ నోటికీ మధ్య ఎప్పుడూ ఒక ప్రగల్భం అడ్డంగా నిలబడి ఉంటుంది. ఛాతీ విరిచి, "చూస్తూ ఉండు! ఈ బస్సుకి ఇన్నాళ్ళూ కాళ్ళే ఉన్నాయి. ఇప్పుడు బుర్ర పెడతా!" అన్నాడు.

అతని లెక్క ఇదీ. రేడియేటరు ముందున్న ఫ్యానుకు స్విచ్చి డ్రైవరు దగ్గరుంది. వేడి ముల్లు ఎర్రగీత వైపు పోతుంటే డ్రైవరమ్మ చూసి నొక్కాలి. కొండమలుపుల్లో రెండు చేతులూ స్టీరింగుకే చాలవు, మూడో చెయ్యి ఎక్కణ్ణించి తెస్తుంది? ఆవిడ నొక్కేసరికే ముల్లు గీత దాటి ఉంటుంది. కాబట్టి మనిషి చూడక్కర్లేదు, బండే చూసుకోవాలి. మేస్త్రి ఆ రాత్రికి రాత్రే... అని చెప్తే కథకి అందం గానీ, నిజానికి తెల్లారి టిఫిన్ తిన్నాకే మొదలుపెట్టాడు. రేడియేటరుకు ఒక వేడి స్విచ్చి బిగించాడు. నీళ్ళు ఇంత వేడెక్కగానే అది తనంతట తానే 'టక్' మంటుంది. ఆ టక్కుకి రిలే, అంటే కరెంటు కలిపే చిన్న డబ్బా, కలుస్తుంది. రిలే కలవగానే, పాత కార్ల నుంచి ఊడదీసిన రెండు పెద్ద ఫ్యాన్లు గిర్రున తిరుగుతాయి. నీళ్ళు చల్లబడితే మళ్ళీ 'టక్', ఫ్యాన్లు బంద్. పరీక్షకి ఇంజన్ నిలబెట్టి వేడెక్కించాడు. టక్! గిర్రు! షెడ్డులో దుమ్మంతా లేచి ఎదురింటి మేడ మీద ఆరేసిన బట్టలకు పట్టుకుంది. ఎదురింటావిడ తిట్టిన తిట్లు అతనికి చప్పట్లలా వినిపించాయి.

అదే రోజు మధ్యాహ్నం ట్రిప్పుకి తనూ ఎక్కి డ్రైవరమ్మ పక్కన నిలబడ్డాడు. ఎక్కిన వాళ్ళందరికీ టాంటాం వేశాడు. "ఇవాళ ఎవరూ టీకి దిగక్కర్లేదు! బస్సు తన జ్వరం తనే చూసుకుంటుంది, తన మందు తనే వేసుకుంటుంది!"

కొండ మొదలైంది. ముల్లు లేచింది. టక్! ఫ్యాన్లు గిర్రుమన్నాయి. మేస్త్రి జనం వైపు తిరిగి వంగి దండం పెట్టాడు. వంగినవాడు లేచేసరికి ముల్లు ఇంకా పైకి పోతోంది.

"ఏమయ్యా మేస్త్రిగారూ, మందు పట్టట్లేదు" అంది డ్రైవరమ్మ పళ్ళ బిగువున.

ఫ్యాన్లు విమానంలా అరుస్తున్నాయి. ముల్లు ఎర్రగీత ఎక్కి కూర్చుంది. సరిగ్గా ఆవిరి మలుపులో, సరిగ్గా అత్తగారి బెంచీల ముందు, బస్సు బుస్సుమని ఆగింది. అంత ఆవిరి అంతకుముందెప్పుడూ రాలేదట. బెంచీ మీదున్న పెద్దాయన చొక్కా ఇస్త్రీ అయిపోయిందని సాక్ష్యాలున్నాయి.

"రావయ్యా అల్లుడూ!" అత్తగారు గ్లాసులు సర్దుతూ ఆహ్వానించింది. "బస్సుకి బుర్ర పెడుతున్నావని విన్నా. నీదే పెట్టావా ఏంటి కొంపదీసి?"

జనం పగలబడి నవ్వారు. మేస్త్రి నవ్వలేదు. మొట్టమొదటిసారి నోట్లోంచి ఒక్క గొప్పా రాలేదు. బానెట్ ఎత్తి, చేతికి గుడ్డ చుట్టుకుని ఇంజన్ తాకాడు. కుంపటిలా ఉంది. రేడియేటరు తాకాడు. మళ్ళీ తాకాడు. గుడ్డ తీసేసి వట్టి చేత్తో తాకాడు. గోరువెచ్చన!

రోగి నుదురు పేలిపోతోంది, పాదాలు మాత్రం చల్లగా ఉన్నాయి. ఫ్యాన్లు ఊదుతున్నది సగం చల్లారిన నీళ్ళని. మరి కాగిన నీళ్ళు ఎటు పోతున్నాయి?

ఆ ఆలోచనతోనే వెళ్ళి బెంచీ మీద కూలబడ్డాడు. అదే సమయంలో అత్తగారు ఒకాయన మీద కేకలేస్తోంది.

"ఇదిగో బాబూ! తాగిన గ్లాసు అక్కడ వదిలేసి వెనక తలుపులోంచి జారుకుంటావేంటి? ముందునుంచి రా! తొట్టి దగ్గర గ్లాసు కడిగి పెట్టి వెళ్ళు!" గొణుక్కుంటూ వెనక తలుపు మూసి గడియ పెట్టింది. "ఈ తలుపు తెరిచి ఉంచానో, సగంమంది ఇటే పోతారు. దగ్గర దారి కనబడితే ఎవడయ్యా చుట్టూ తిరిగి తొట్టి దగ్గరికొచ్చేది?"

మేస్త్రి చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది.

"అత్తయ్యా, మళ్ళీ చెప్పు."

"ఏం చెప్పను? తలుపు తెరిచుంటే..."

"సగంమంది ఇటే పోతారు! తొట్టి దగ్గరికి రారు!" బెంచీ మీంచి ఎగిరి లేచాడు. టీ అంతా చొక్కా మీద పడింది. కాలిందన్న సంగతి కూడా తెలీలేదు. "వెనక తలుపు! నేనే తెరిచి పెట్టా!"

ఇంజన్‌లోనూ ఒక వెనక తలుపుంది. ఇంజన్ ఇంకా చల్లగా ఉన్నప్పుడు నీళ్ళు రేడియేటరు దాకా పోకుండా దగ్గర దారిలో తిరిగి ఇంజన్‌లోకే వచ్చేస్తాయి. ఇంజన్ త్వరగా వెచ్చబడాలని చేసిన ఏర్పాటు అది. నీళ్ళు కాగగానే ఆ కొండనాలుక బిళ్ళ పైన రేడియేటరు దారి తెరుస్తుంది, కింద తన అడుగుతో ఆ దగ్గర దారి మూస్తుంది. వైరు లేదు, స్విచ్చి లేదు. దాని పొట్టలో మైనపు ముద్ద ఉంటుంది, వేడికి అది ఉబ్బి తోస్తుంది, అంతే! మేస్త్రి బుర్ర పెడతానన్న బస్సుకి బుర్ర పుట్టినప్పటినుంచీ ఉంది. దాన్ని పీకి తోరణానికి గుచ్చింది తనే. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అన్నారు పెద్దలు. ఇతను మందు కూడా వెయ్యలేదు, సరాసరి కొండనాలుకే పీకాడు. చదునైన రోడ్డు మీద సగం నీళ్ళు చల్లబడ్డా బండి నడిచిపోయింది. కొండెక్కేటప్పుడు చల్లబడని సగం దాన్ని ఉడకబెట్టేసింది.

కిందికి దిగగానే మేస్త్రి షెడ్డు గుమ్మం మీది తోరణాన్ని ఒక్క లాగు లాగాడు. బిళ్ళలు నేలంతా దొర్లాయి. బస్సు గొంతుకి సరిపోయేవి ఏరి, ఒళ్ళో పోసుకుని ఇంటికి పరిగెత్తాడు. ఇక వాటిలో ఏది బతికుందో, ఏది చచ్చిందో తేలాలి.

సాయంత్రం వంటింట్లో పాలగిన్నెలో నీళ్ళు కాగుతున్నాయి. నీళ్ళలో దారాలు కట్టిన బిళ్ళలు వేలాడుతున్నాయి. పొయ్యి చుట్టూ మేస్త్రి, డ్రైవరమ్మ, వాళ్ళిద్దరి భుజాల మధ్యలోంచి అత్తగారు. ఒకటి చల్లనీళ్ళలోనే నోరు తెరుచుకుని ఉంది. "ఇది నీలాంటిది" అంది డ్రైవరమ్మ, "దీనికి మూయడం రాదు." ఇంకొకటి నీళ్ళు తెర్లుతున్నా పెదవి విప్పలేదు. "ఇది మా నాన్నలాంటిది." మూడోది మెల్లగా కదిలింది. ఇంత సందు, మరికాస్త...

"అదిగో! అదిగో నోరు తెరిచింది!" అందరికంటే ముందు అరిచింది అత్తగారు. మేస్త్రి దారం పట్టి పైకి తీశాడు. చల్లారుతుంటే అది మళ్ళీ టిక్కున మూసుకుంది. మళ్ళీ ముంచాడు, తెరుచుకుంది. ముగ్గురూ గిన్నెలోకి వంగి, పసిపిల్ల తొలి అడుగు చూస్తున్నట్టు ఊపిరి బిగబట్టి చూశారు.

"ఇది పెడితే బస్సు ఇక ఆగదా?" అడిగింది అత్తగారు.

డ్రైవరమ్మ తల్లి వైపు చూసి తల దించుకుంది. అంతదాకా ఆ సంగతి ఇద్దరికీ తోచనే లేదు. బస్సు ఆగకపోతే ఆ మలుపులో కొట్టుకి ఎవరు దిగుతారు?

"ఆగదత్తయ్యా" అన్నాడు మేస్త్రి.

అత్తగారు పొయ్యి కట్టేసింది. "సరే. ఆ ఇనుపముక్కలు తీసుకుని బయటికి నడవండి. పాలగిన్నెలో మైనం కాచిన మహానుభావుడు! రేపట్నుంచి టీ ఏ వాసనొస్తుందో!" అని గిన్నె తీసుకుని దొడ్లోకి వెళ్ళింది. గిన్నె తోముతున్న చప్పుడు చాలాసేపు వినబడింది.

మర్నాడు పొద్దున మేస్త్రి లేచేసరికి అత్తగారు లేదు. "పాలవ్యానులో కొట్టుకి వెళ్ళిపోయినట్టుంది" అంది డ్రైవరమ్మ. "రోజూ నా బస్సులో వచ్చేది." ఇద్దరూ వంగి బిళ్ళ బిగించారు, నీళ్ళు నింపారు.

ఓనరు వచ్చి ముందు సీట్లో వేడి ముల్లుకి ఎదురుగా కూర్చున్నాడు. విషయం ఊరంతా పాకినట్టుంది, బస్సు కిక్కిరిసిపోయింది. జీపులెక్కేవాళ్ళు కూడా తమాషా చూద్దామని ఎక్కేశారు. ఇంత బరువుతో ఆ బస్సు ఆ కొండ ఎప్పుడూ ఎక్కలేదు. కిటికీల్లోంచి చేతులు, తలుపు దగ్గర కాళ్ళు, వెనక సీట్లలో మూటలు, తట్టలు. మేస్త్రికి వెనక ఏముందో కనబడనే లేదు.

కొండ మొదలైంది. ముల్లు లేచి, మధ్యగీత దగ్గరికొచ్చి, ఆగింది.

"ముల్లు పాడైందా?" అన్నాడు ఓనరు.

"లేదు సార్, బిళ్ళ నోరు తెరిచింది."

"ఏ బిళ్ళ?"

"తరవాత చెప్తా సార్, ఇప్పుడు నా నోరు తెరిపించకండి."

దారి నిటారుగా లేచింది. డ్రైవరమ్మ గేరు దించింది. ఇంజన్ మూలిగింది. ముల్లు మళ్ళీ కదిలింది. ఎదురుగా ఆవిరి మలుపు. అప్పుడు చూశారందరూ. అత్తగారి కొట్టు మూసి ఉంది! బెంచీలు లోపల పెట్టేసి ఉన్నాయి. ముందు తలుపుకి తాళం. ఎప్పుడూ వరసగా ఉండే నీళ్ళ బకెట్లు ఒక్కటీ లేవు.

"అయ్యో, ఇప్పుడు ఉడికితే చుక్క నీళ్ళుండవే!" ఎవరో అరిచారు. అలవాటు కొద్దీ సగం బస్సు దిగడానికి అప్పటికే లేచి నిలబడింది.

"ఏమయ్యా, అమ్మ..." అంది డ్రైవరమ్మ.

"రోడ్డు చూడవే! స్టీరింగు తిప్పు!"

ఆవిడ రెండు చేతులూ స్టీరింగు మీద వేసి మలుపు తిప్పింది. స్విచ్చి వైపు ఒక్క వేలు కూడా పోలేదు. ముల్లు పైకి. ఇంకాస్త పైకి. ఓనరు ముక్కు ముల్లుకి జానెడు దూరంలో ఉంది. టక్కు లేదు. మేస్త్రి కళ్ళు మూసుకుని అరచెయ్యి ఇంజన్ మూత మీద ఆనించాడు.

టక్!

ఫ్యాన్లు గిర్రున లేచాయి. ముల్లు ఒక్క క్షణం ఆలోచించుకున్నట్టు నిలిచింది. తరవాత ఎవరో చెవి పట్టుకుని దించినట్టు మెల్లగా, మర్యాదగా మధ్యగీత దగ్గరికి దిగొచ్చింది. టక్! ఫ్యాన్లు ఆగాయి. బస్సు మలుపు దాటేసింది! ఈలలు, కేకలు, చప్పట్లు! బస్సు టాపు అంగుళం పైకి లేచిందని మేస్త్రి చెప్తాడు, అదొక్కటి మాత్రం అబద్ధం కాదనే నాకూ అనిపిస్తుంది.

మేస్త్రి మాత్రం పక్క అద్దంలో చిన్నదైపోతున్న ఆ మూసిన తలుపునే చూస్తున్నాడు. అత్తగారికి ఎంత కోపం వస్తే కొట్టే మూసేసి ఉంటుంది!

అప్పుడు ఆఖరి సీట్లోంచి, మూటల వెనక నుంచి ఒక గొంతు లేచింది.

"ఏమయ్యా అల్లుడూ! పైన బస్సు ఆగేచోట నీడుంటుందా?"

జనం పక్కకి ఒరిగారు. కొంగు నడుముకి చుట్టి, ఒళ్ళో దుప్పట్లో చుట్టిన బాయిలరు, కాళ్ళ దగ్గర గ్లాసుల తట్ట, పక్కన మడతబెంచీ పెట్టుకుని అత్తగారు కూర్చుని ఉంది. పాలవ్యానులో పైకెళ్ళి, కొట్టు సామానంతా సర్దుకుని, అదే వ్యానులో దిగొచ్చి, బస్సు కదలకముందే వెనకెక్కి కూర్చుందావిడ.

"అమ్మా! ఇన్నేళ్ళు సగం కొండలో ఉండి పైకి ఒక్కసారి కూడా రాలేదు కదే!" అంది డ్రైవరమ్మ అద్దంలోంచి, నవ్వుతూ, కళ్ళు తుడుచుకునే చెయ్యి లేక.

"ఎలా వస్తానే? రోజూ నీ బస్సుకి నీళ్ళందించే పని నాదేగా!"

"మరి ఆగుతుందేమోనని భయం వెయ్యలేదా అత్తయ్యా? నీళ్ళు కూడా ఉంచలేదు!" అన్నాడు మేస్త్రి.

"నిన్న నా పాలగిన్నెలో నోరు తెరిచింది చూశాగా!" అత్తగారు బాయిలరు మీద అరచేత్తో తట్టింది. "ఇక ఈ బస్సులో మరిగితే ఇదొక్కటే మరగాలి. నువ్వు పైకి పోనివ్వవే, జనానికి టీ టైమైంది!"

డ్రైవరమ్మ గేరు మార్చింది. ఓనరు ముల్లు వైపు చూడ్డం మానేసి, అత్తగారిని అడిగాడు, "చక్కెర తక్కువ వేస్తావామ్మా?"